కార్టూన్ కామెడీ మూడు భాగాలకూ బ్లెండరే: చివరి సినిమా పూర్తయ్యాక సమీక్ష

మొదటి సినిమాకి ఏ సాఫ్ట్‌వేరైనా సరిపోతుంది. మూడో భాగానికి వచ్చేసరికి అసలు పరీక్ష పాత ఫైళ్ల దగ్గర ఎదురవుతుంది. నాలుగేళ్ల కిందట గీసిన పాత్ర అదే రంగుతో, అదే గీత మందంతో తెరుచుకోవాలి. ముగింపు సినిమా కాబట్టి పాత్రలన్నీ ఒకే ఫ్రేములో నిలబడాల్సిన సీన్లు తప్పవు. బ్లెండర్ ఉచిత యానిమేషన్ సాఫ్ట్‌వేర్, గ్రీజ్ పెన్సిల్ అందులో చేత్తో బొమ్మలు గీసే సాధనం. వెర్షన్ 2.83 నుంచి 4.2 దాకా దానితోనే మూడు సినిమాలూ పూర్తయ్యాయి. మళ్లీ మొదలుపెట్టినా ఇదే ఎంచుకుంటాను, కొన్ని షరతులతో.

మొదటి షరతు వెర్షన్. 2024 నవంబరులో వచ్చిన 4.3లో గ్రీజ్ పెన్సిల్‌ను లోపల మొత్తం తిరగరాశారు. పాత ఫైలును అందులో తెరిస్తే బొమ్మలు కొత్త పద్ధతిలోకి మారిపోతాయి. అలా సేవ్ చేసిన ఫైలుతో వెనక్కి 4.2కి రావడం కుదరదు. పాత పద్ధతికి రాసిన యాడ్ఆన్లు (అదనంగా జోడించుకునే చిన్న ప్రోగ్రాములు) కూడా ఆగిపోతాయి. సినిమా సగంలో ఉంటే 4.2 దగ్గరే ఉండిపోవాలి, కొత్తగా మొదలుపెడుతుంటే 4.5కి వెళ్లాలి. రెండూ ఎల్‌టీఎస్‌లే, అంటే ఎక్కువకాలం దిద్దుబాట్లు అందేలా విడుదల చేసినవి. జిప్ రూపంలో దించుకుంటే రెండు వెర్షన్లూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కనే నడుస్తాయి.

రెండోది రంగు, అందరినీ ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఇదే. టూడీ యానిమేషన్ టెంప్లేట్‌తో తెరిచిన ఫైల్లో వ్యూ ట్రాన్స్‌ఫామ్ (రంగులు తెర మీద ఎలా కనిపించాలో తేల్చే సెట్టింగు) స్టాండర్డ్‌లో ఉంటుంది. మామూలు జనరల్ ఫైల్లో అదే సెట్టింగు వెర్షన్ 2.8 నుంచి ఫిల్మిక్‌లో, 4.0 నుంచి ఏజీఎక్స్‌లో ఉంటుంది. పాత పాత్రను జనరల్ ఫైల్లోకి తెచ్చుకుంటే ఎర్రచొక్కా వెలిసిపోయినట్టు కనిపిస్తుంది, తెల్లకళ్లు బూడిదరంగుకి తిరుగుతాయి. పాత్రలో లోపం ఏమీ లేదు, సెట్టింగు సీనుది. రంగులు మళ్లీ దిద్దడం మొదలుపెట్టకండి. ప్రతి షాటు ఫైల్లోనూ ముందుగా స్టాండర్డ్ పెట్టి, తర్వాతే పోల్చి చూడండి.

పాత్రకో ఫైలు, షాటుకో ఫైలు అనే పద్ధతి మూడో భాగంలోనే తన విలువ చూపిస్తుంది. ఎముకలతో కదిలే కటౌట్ (ముక్కలుగా చేసి కలిపిన) పాత్రలను లింక్ చేసి (కాపీ చేయకుండా అసలు ఫైలు నుంచే చూపించి) లైబ్రరీ ఓవర్‌రైడ్ (లింకైన పాత్రను షాటులో కదల్చనిచ్చే ఏర్పాటు) ఇస్తే చాలు, టోపీ రంగు ఒక్కచోట మారిస్తే అన్ని షాట్లలోనూ మారుతుంది. ఫ్రేము ఫ్రేముకీ గీయాల్సిన పాత్రకు మాత్రం ఇది పనికిరాదు. లింకైన బొమ్మ మీద గీత గీయనివ్వదు కాబట్టి దాన్ని అపెండ్ చేసుకోవాల్సిందే, అంటే షాటు ఫైల్లోకి కాపీ తెచ్చుకోవాలి. లింక్ పెట్టాక పాత్ర కలెక్షన్ (దాని భాగాలన్నీ ఉన్న గుంపు) పేరు మార్చకూడదు. బ్లెండర్ వెతికేది పేరునే కాబట్టి, మారిస్తే షాట్లన్నింట్లో పాత్ర మాయమవుతుంది.

పెదాల కదలికకు, డైలాగు ఆడియో నుంచి నోటి ఆకారాలు తేల్చే రూబార్బ్ లిప్ సింక్ ప్రోగ్రాము బ్లెండర్‌కు జోడీగా బాగుంది. ఆరు ప్రధాన నోటి ఆకారాలు, అదనంగా మూడు, మొత్తం తొమ్మిది. దాని డిఫాల్ట్ రికగ్నైజర్ (మాటలు గుర్తించే భాగం) ఇంగ్లిషుకోసం చేసింది, తెలుగు డైలాగుకు ధ్వనులను మాత్రమే చూసే ఫొనెటిక్ పెట్టాలి. అప్పుడు కూడా చేత్తో దిద్దాల్సింది మిగులుతుంది. ముఖ్యంగా ప, బ, మ దగ్గర. ‘అబ్బా’, ‘అమ్మో’, ‘తప్పు’ లాంటి మాటల్లో ఒత్తు ఉన్నచోట నోరు రెండు మూడు ఫ్రేములు మూసే ఉండాలి, అదీ శబ్దానికి ఒక ఫ్రేము ముందే మూతపడాలి. అది లేకపోతే డబ్బింగ్ తేలిపోయినట్టుంటుంది.

నోళ్లను ఒకే ఆబ్జెక్టులో 1 నుంచి 9 ఫ్రేముల్లో గీసి, టైమ్ ఆఫ్‌సెట్ మాడిఫయర్‌ను (ఏ ఫ్రేము బొమ్మ చూపాలో మార్చే సాధనం) ఫిక్స్‌డ్ ఫ్రేములో పెట్టి నడిపించాలి. ఆ ఫ్రేము సంఖ్య మారేచోట పెట్టే కీఫ్రేములన్నీ కాన్‌స్టెంట్‌లో (మధ్య విలువలు లేకుండా ఒక్కసారిగా మారేలా) ఉండాలి. డిఫాల్ట్‌గా ఉన్న బెజియర్ (క్రమంగా మారే పద్ధతి) వదిలేస్తే 2 నుంచి 7కి వెళ్లేటప్పుడు మధ్య ఆకారాలన్నీ చూపిస్తూ నోరు వణుకుతుంది. ఆ సంఖ్యను డ్రైవర్‌తో (ఒక విలువను మరోదానితో నడిపే ఏర్పాటు) ఒక ఎముకకు కట్టేస్తే లింకైన పాత్రలోనూ నోరు కదల్చొచ్చు.

కామెడీకి ప్రాణం ఆగడంలో ఉంటుంది. పంచ్ పడ్డాక ఎదుటి పాత్ర ముఖం మారేముందు సెకనుకు 24 ఫ్రేముల వేగంలో 12 నుంచి 16 ఫ్రేములు కదలకుండా ఉంచితే నవ్వు వస్తుంది. 6కి తగ్గిస్తే చూసేవాళ్లకు ఆ విరామం అందదు. మొదటి భాగంలోని జోకును మళ్లీ వాడేటప్పుడు సిద్ధం చేసే భాగాన్ని కోసేయాలి, ఆగే భాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఇదంతా యానిమాటిక్‌లోనే, బొమ్మలు స్కెచ్‌లుగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. టైమ్‌లైన్ ప్లేబ్యాక్ ‘ప్లే ఎవ్రీ ఫ్రేమ్’లో ఉంటే బరువైన సీను నెమ్మదిగా నడిచి, బాగున్న జోకు కూడా సాగదీసినట్టు అనిపిస్తుంది. ‘సింక్ టు ఆడియో’ పెట్టకుండా టైమింగ్ మీద ఏ నిర్ణయమూ తీసుకోవద్దు.

ఫ్లాష్‌బ్యాకులకు పాత సినిమా క్లిప్పును ఎడిటర్లోకి లాగినప్పుడు, ‘సెట్ సీన్ ఫ్రేమ్ రేట్’ టిక్ తీసేయండి. లేదంటే పాత క్లిప్పు 30లో ఉంటే ప్రాజెక్టు కూడా 30కి మారుతుంది, మిగతా డైలాగులన్నీ జారిపోతాయి.

బలహీనతలు కూడా ఉన్నాయి. ఫిల్ టూల్ చిన్న సందు దొరికినా రంగును బయటికి వదిలేస్తుంది. సందు మూసే గ్యాప్ క్లోజర్ ఉంది కానీ జుట్టు లాంటి చోట చేత్తో గీత మూయడమే త్వరగా అవుతుంది. టాబ్లెట్‌తో గీసిన గీతల్లో పాయింట్లు మరీ ఎక్కువ పడతాయి. ఏడెనిమిది పాత్రల సీన్లో అన్‌డూ నొక్కితే ఆగి ఆగి పనిచేస్తుంది. పాత్ర పూర్తయిన వెంటనే గీతలను సింప్లిఫై చేయడం (పాయింట్లు తగ్గించడం) దీనికి మందు. కాగితం మీద గీసి స్కాన్ చేసేవాళ్లకు ఓపెన్‌టూన్జ్ అనే మరో యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఇంతకంటే నయం.

రెండర్‌ను (తుది ఫ్రేములు తయారుచేయడం) నేరుగా ఎంపీ4 వీడియోకి ఇవ్వొద్దు. 20 నిమిషాల సినిమా అంటే 28,800 ఫ్రేములు. ఫ్రేముకి 2 సెకన్లు పట్టినా 16 గంటలు, మధ్యలో ఆగిపోతే ఆ ఫైలు చేతికి రాదు. ఫ్రేముకో బొమ్మ ఫైలు వచ్చేలా పీఎన్‌జీలుగా తీయండి. ఓవర్‌రైట్ (ఉన్న ఫైలు మీద మళ్లీ రాయడం) తీసేసి ప్లేస్‌హోల్డర్స్ (ఫ్రేము మొదలవగానే ఖాళీ ఫైలు పెట్టడం) పెడితే రెండు కంప్యూటర్లు ఒకే ఫోల్డరులోకి పంచుకుని రెండర్ చేస్తాయి. ఏదైనా క్రాష్ అయితే సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది, దాన్ని చెరపకపోతే ఆ ఫ్రేము ఎప్పటికీ ఖాళీయే. షాటు దిద్దినప్పుడు కూడా పాత పీఎన్‌జీలు తీసేయాలి. పీఎన్‌జీలను ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాధనంతో వీడియోగా కలిపేటప్పుడు పిక్సెల్ ఫార్మాట్ వైయూవీ420పీ అని చెప్పాలి, చెప్పకపోతే కొన్ని ప్లేయర్లలో వీడియో తెరుచుకోదు. మూడు భాగాల మాటల శబ్దం ఒకే స్థాయిలో ఉండేలా లౌడ్‌నెస్ కొలిచి సరిచేయండి. ఒకదాని వెంట ఒకటి చూసేవాళ్లు వాల్యూమ్ కోసం వెతుక్కోకూడదు.

అన్నీ అయ్యాక షాటు ఫైళ్లు, పాత్రల ఫైళ్లు, విడి విడి డైలాగు వావ్ (ఆడియో) ఫైళ్లు, వాటితోపాటు ఆ సినిమా తీసిన బ్లెండర్ జిప్పు కూడా ఒకే ఫోల్డరులో పెట్టి, పాత్‌లన్నీ (ఫైళ్ల చిరునామాలు) రిలేటివ్‌గా, అంటే బ్లెండర్ ఫైలున్న చోటు నుంచి లెక్కించేలా మార్చి, ఆ ఫోల్డరును వేరే కంప్యూటర్లోకి కాపీ చేసి ఒక్క షాటైనా అక్కడ రెండర్ చేసి చూడండి.