సీట్లకి ఐదు స్టార్లు, ఓనర్ నోటికి సున్నా

పేరు చెప్పను గానీ వైజాగ్ ఎంవీపీ కాలనీ వైపు గేమింగ్ కేఫ్, రెగ్యులర్‌గా వెళ్ళేవాళ్ళకి ఈపాటికే అర్థమైపోయుంటది. రెండేళ్ళ నుంచి వెళ్తున్నా. గంటకి 100, ఏసీ మే నెల్లో కూడా వణికించేస్తది, సీట్లు మెత్తగా ఉంటాయి, టీవీలు పెద్దవి. మూడో నంబర్ పీఎస్5 కంట్రోలర్‌లో ఎడమ స్టిక్ దానంతటదే పక్కకి లాగేస్తది, పెనాల్టీ కొట్టేటప్పుడు చూడాలి మన తిప్పలు. మ్యాగీ జోలికి పోకండి, ఉత్త ఉప్పు.

అసలు గోల వాళ్ళ వాట్సాప్ గ్రూప్ గురించి. ఆఫర్లూ టోర్నమెంట్లూ పెడతాం అని నంబర్ తీసుకుంటారు, పెట్టేది మాత్రం బ్రేకింగ్ న్యూస్. ఫలానా స్టూడియో హెడ్ అవుట్, ఫలానా గేమ్ డైరెక్టర్ని గెంటేశారు, గేమ్ క్యాన్సిల్. ఎవరు చెప్పారని అడిగితే "లోపలి మనిషి గురూ" అంటాడు. నేనూ నవ్వుకుని వదిలేసేవాణ్ణి, మా ఇంటి దాకా వచ్చేవరకు.

మా చిన్నాన్న కొడుకు రుషికొండ వైపు చిన్న గేమ్ ఆర్ట్ స్టూడియోలో 3డీ ఆర్టిస్ట్. నాన్నమ్మ పోతే పెద్దకర్మ అయ్యేదాకా లీవ్ పెట్టి ఊళ్ళో ఉన్నాడు, ఫోన్ కూడా సరిగ్గా చూడట్లేదు. వాడి సీటు ఖాళీగా ఉందని కేఫ్‌కొచ్చే కుర్రాడెవడో అన్నాడంట, అంతే, సాయంత్రానికి గ్రూప్‌లో "రుషికొండ స్టూడియోలో సీనియర్లు జంప్, వచ్చే నెల మూత" అని మూడు మంట బొమ్మలతో సహా. మర్నాటికి అదే మెసేజ్ మా పిన్ని ఫోన్‌కి "చాలాసార్లు ఫార్వర్డ్ అయింది" అన్న గుర్తుతో వచ్చింది. గాజువాకలో సంబంధం చూస్తున్నారు అప్పుడు, వాళ్ళు ఫోన్ చేసి "అబ్బాయి ఉద్యోగం సంగతి తేలాక మాట్లాడుకుందాం లెండి" అన్నారు, ఆ మాటకి అర్థం ఏంటో పెళ్ళిళ్ళు కుదిర్చిన ఇంట్లో ఎవరికైనా తెలుసు. ఇటు హెచ్‌ఆర్ ఏమో రిజైన్ చేస్తున్నావా అని. గుండు మీద ఇంకా వెంట్రుక మొలవలేదు, వాడు అందరికీ సంజాయిషీలు చెప్పుకుంటున్నాడు.

వెళ్ళి అడిగా. ఓనర్ ఏమన్నాడో తెలుసా, 2015లో మెటల్ గేర్ గేమ్‌లు తీసిన కోజిమా సంగతిలో కూడా ఆయన కంపెనీ కొనామీ వాళ్ళు సెలవులో ఉన్నాడనే అన్నారు కదా, చివరికి డిసెంబర్‌లో నిజంగానే వెళ్ళిపోయాడు కదా అని. నిజమే, కాదన్ను. కానీ కోజిమా వెళ్ళిపోయాడని ముందే రాసినవాళ్ళు ఆయన వీడ్కోలు పార్టీకి వెళ్ళిన మనిషిని కనుక్కుని రాశారు బాబూ, ఖాళీ కుర్చీ చూసి కాదు. మరి 2011 డిసెంబర్‌లో మారియో సృష్టికర్త మియమోటో తప్పుకుంటున్నాడని గోల అయినప్పుడో? ఇంటర్వ్యూలో అన్న ఒక్క మాట పట్టుకుని అంతా ఊగిపోయారు, నింటెండో షేరు కూడా పడింది, కంపెనీ అబ్బే అదేం లేదంది, ఆయన ఆ తర్వాత కూడా ఏళ్ళకేళ్ళు అక్కడే పనిచేశాడు. నింటెండో కాబట్టి ప్రపంచం మొత్తానికి వినపడేలా కాదని చెప్పుకోగలిగింది, మా వాడు ఎవరికి చెప్పుకుంటాడు, గాజువాకకా? జీటీఏ గేమ్‌లు రాసిన డాన్ హౌజర్ వెళ్ళేటప్పుడైతే 2020 ఫిబ్రవరిలో ఆ స్టూడియో మాతృసంస్థ టేక్-టూనే చెప్పింది, మార్చి 11 ఆఖరి రోజని తేదీతో సహా. ఆ మాత్రం ఆగితే ఏం పోతుంది?

మెసేజ్ డిలీట్ చేశాడు. తప్పయింది అని అదే గ్రూప్‌లో ఒక లైను పెట్టమంటే మాత్రం "పాత న్యూస్ ఎవడు చూస్తాడు గురూ" అన్నాడు. అందుకే రెండు స్టార్లు, ఆ రెండూ ఏసీకి.

గాజువాక వాళ్ళు మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. మా వాడు మాత్రం ఆదివారాలు ఇంకా అక్కడికే పోతున్నాడు, ఆ రేటుకి అంత చల్లగా ఇంకెక్కడుంది అన్నయ్యా అంటాడు. మీరూ వెళ్తే వెళ్ళండి, ఫోన్ నంబర్ ఇవ్వకండి, మూడో నంబర్ సీటు ఇస్తే వద్దనండి.