డబ్బా టీవీ పక్కన గిటార్ సాధన: ఏళ్ళ తరబడి వాడాక నా సమీక్ష

సరదాకి వాయించుకునేవాళ్ళు, ఇంట్లో ఇంకా పిక్చర్ ట్యూబ్ ఉన్న పాత డబ్బా టీవీని వదల్లేనివాళ్ళు, పైగా ఆ రెండిటికీ కలిపి ఒకటే గది ఉన్నవాళ్ళ కోసం ఈ సమీక్ష. బొమ్మ నాణ్యత, రంగులు లాంటివి ఇందులో దొరకవు. నేను కచేరీలు చేసే మనిషిని కాదు. ఇంటిపనులు పోగా మిగిలిన టైంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించుకుంటాను, ఆ కాస్త టైంలోనే పాత సీరియళ్ళు, పాత సినిమాలు కూడా చూడాలి, అందుకని టీవీ, గిటార్, యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) మూడూ ఏళ్ళ తరబడి ఒకే గదిలో కాపురం చేస్తున్నాయి. నా తీర్పు ముందే చెప్పేస్తాను: వేళ్ళకి పని చెప్పేటప్పుడు ఈ టీవీ మంచి తోడు, చెవికి పని చెప్పేటప్పుడు మాత్రం ప్లగ్ పీకెయ్యాల్సిందే.

ముందు టీవీ వల్ల యాంప్‌లో వచ్చే మోత సంగతి, ఎందుకంటే కొత్తవాళ్ళు దీనికే బెదిరిపోతారు, యాంప్ పాడైందేమోనని టెన్షన్ పడతారు. తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది పికప్, నా గిటార్‌కి ఉన్నవి ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ పికప్‌లు. తీగ కదిలితే పుట్టే సిగ్నల్‌తో పాటు చుట్టుపక్కల ఉన్న అయస్కాంత క్షేత్రాలన్నీ పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి అందులో కలుస్తాయి. పిక్చర్ ట్యూబ్ మెడ చుట్టూ కాయిల్స్ ఉంటాయి, ఎలక్ట్రాన్ పుంజాన్ని తెర మీద అడ్డంగానూ నిలువుగానూ నడిపేది అవే. పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీలో ఇది అడ్డంగా సెకనుకు 15,625 సార్లు, నిలువుగా 50 సార్లు జరుగుతుంది. ఎన్‌టీఎస్‌సీ అనే ఇంకో ప్రసార పద్ధతి టీవీలో అయితే అడ్డంగా దాదాపు 15,734, నిలువుగా దాదాపు 60 సార్లు. యాంప్‌లో గట్టిగా వినిపించేది ఆ నిలువు నడక తాలూకు బరబరమనే మోత. క్లీన్ టోన్‌లో భరించొచ్చు. శబ్దాన్ని గరగరలాడించే డిస్టార్షన్ పెడల్ తొక్కామంటే ఇక చెవిలో జోరీగే.

దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది, పక్కకి తిరిగి కూర్చోవడం. పికప్ అన్ని వైపుల నుంచీ ఒకేలా పట్టదు. తీగల్ని అరచేత్తో మూసి, గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెంచి, స్టూల్ మీద మెల్లగా తిరుగుతూ పోతే ఒకచోట మోత ఉన్నట్టుండి పడిపోతుంది, ఇంకొంచెం తిరిగితే మళ్ళీ లేస్తుంది. ఆ చోటు దొరికాక స్టూల్ కాళ్ళ పక్కన నేల మీద టేపు ముక్కలు అంటించేశాను, ఊడ్చేటప్పుడు జరిపినా మళ్ళీ సరిగ్గా అక్కడే పెట్టుకుంటాను. చిక్కేమిటంటే ఆ కోణంలో టీవీ సగం భుజం వెనక్కి పోతుంది, చూడాలంటే మెడ తిప్పాలి. ఒక రకంగా అదే మంచిదయింది, ఊరికే చూస్తూ కూర్చోవడం తగ్గింది. దూరం కూడా పనిచేస్తుంది, రెండడుగులు వెనక్కి జరిగితేనే తేడా తెలిసిపోతుంది.

రెండు కాయిల్స్ ఉండే హమ్‌బకర్ పికప్‌లు ఉన్నవాళ్ళకి ఈ తంటా చాలా తక్కువ. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంట్‌కి దరఖాస్తు చేసింది దీనికోసమే. రెండు కాయిల్స్‌ని ఎదురెదురుగా పనిచేసేలా కలిపి, అయస్కాంత ధ్రువాల్ని కూడా తారుమారు చేస్తే బయటి మోత ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, తీగ శబ్దం మాత్రం కలిసి బలపడుతుంది. మూడు సింగిల్ కాయిల్స్ ఉన్న ఇప్పటి గిటార్లలో చాలావాటికి నడిమి పికప్‌ని ఇలాగే తిరగేసి పెడతారు కాబట్టి సెలెక్టర్‌ని (ఏ పికప్‌లు మోగాలో ఎంచే స్విచ్‌ని) రెండో స్థానంలోనో నాలుగో స్థానంలోనో పెట్టి చూడండి, సగం గోల అక్కడే పోతుంది. నేను టీవీ ఆన్‌లో ఉన్నంతసేపూ నాలుగులోనే ఉంటాను.

ఇక రోజు ఎలా నడుస్తుందో చెప్తాను, ఎందుకంటే ఈ టీవీ ఉపయోగం అంతా అందులోనే ఉంది.

గిన్నెలు కడగక ముందే గిటార్ పట్టుకోవాలి. ఇది టీవీకి సంబంధించింది కాకపోయినా చెప్పకుండా ఉండలేను. ఎడమచేతి వేళ్ళ కొసలు కాయలు కాచి గట్టిపడితేనే తీగ నొప్పి లేకుండా నొక్కగలం, అలాంటి వేళ్ళు సబ్బునీళ్ళలో నానితే ఆ కాయలు తెల్లగా ఉబ్బి మెత్తబడిపోతాయి, ఆ తడి ఆరకముందే తీగ బెండ్ చేస్తే, అంటే స్వరం పెంచడానికి పక్కకి లాగితే, పొర లేచి వచ్చేస్తుంది. చేతి తొడుగులు వేసుకోండి, లేదంటే పనుల వరస మార్చుకోండి. నేను వరస మార్చుకున్నాను. పొద్దున వేళ్ళ కసరత్తు, తర్వాత గిన్నెలు, తర్వాత బట్టలు, సాయంత్రం అసలు సాధన.

పొద్దుటి కసరత్తుకి టీవీ ఆన్, సౌండ్ మ్యూట్. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి ఒక్కో తీగ మీద నాలుగు ఫ్రెట్లు (గిటార్ మెడ మీది మెట్లు), పైకీ కిందకీ, పిక్ (తీగ మీటే బిళ్ళ) ఒకసారి కిందకి ఒకసారి పైకి. దీనిలో బుర్రకి పనేమీ లేదు, చెయ్యకపోతే మాత్రం చేయి మొరాయిస్తుంది. ఈ విసుగుని మింగించేది టీవీయే. పాత కార్యక్రమాలే ఎందుకంటే వాటిలో ఒక్కో షాట్ చాలాసేపు నిలబడుతుంది, ఇద్దరు మనుషులు గదిలో నిలబడి మాట్లాడుకుంటూనే ఉంటారు, మధ్యలో నాలుగుసార్లు వేళ్ళకేసి చూసుకుని వచ్చినా ఏమీ పోదు. ఇప్పటివాటిలో కెమెరా క్షణం నిలవదు, కళ్ళు అటే లాక్కుపోతాయి, చేయి తాళం తప్పుతుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే, ఎవరి కళ్ళు వాళ్ళవి. ప్రకటనలు వచ్చినప్పుడు గిటార్ కింద పెట్టి మణికట్టు దులుపుకుంటాను, వాషింగ్ మెషీన్ ఏ దశలో ఉందో చూసొస్తాను.

చెవి పనికి ఎందుకు పనికిరాదంటే ఆ మోతకీ ఒక శ్రుతి ఉంటుంది. మోత 50 హెర్ట్జ్ ఉన్నచోట, కింది జి స్వరం 49 హెర్ట్జ్ కాబట్టి, మోత జి కంటే అరస్వరంలో మూడోవంతు పైన కూర్చుంటుంది. దాని రెట్టింపు 100 కూడా అలాగే. 60 హెర్ట్జ్ ఉన్నచోట బి ఫ్లాట్‌కీ బికీ మధ్య ఎటూ కాకుండా ఉంటుంది. ఇంత మోత వెనక తంబురాలా మోగుతుంటే, మీకు తెలియకుండానే చెవి దానికి సర్దుకుంటుంది. మూడో తీగ బెండ్ చేసి సరైన స్వరానికి చేర్చడం సాధన చేస్తుంటే ఎప్పుడూ కాస్త ఎక్కువ లాగుతున్నట్టు రికార్డింగ్‌లో వినబడేది, టీవీ ప్లగ్ తీసేశాక ఆ తేడా పోయింది. ఇక పిక్చర్ ట్యూబ్ టీవీ కీచుమనే ఆ సన్నటి శబ్దం ఉంది చూశారూ, 15 వేల హెర్ట్జ్ పైన ఉండేది, అది వయసు పెరిగినకొద్దీ వినబడటం మానేస్తుంది. పిల్లలు గదిలోకి వచ్చి చెవులు మూసుకుంటే వాళ్ళని తిట్టకండి, వాళ్ళకి నిజంగానే వినబడుతోంది.

బట్టలు మడతపెట్టేటప్పుడు మాత్రం సౌండ్ పెట్టుకుంటాను. చేతిలో గిటార్ ఉండదు కాబట్టి మోత బాధ లేదు. సీరియల్ మొదట్లో వచ్చే సంగీతం విని, బేస్ లైన్ కూనిరాగం తీసి, అది నోటికి వచ్చాక టీవీ ఆపేసి గిటార్ మీద వెతుక్కోవడం నాకు చాలా ఇష్టమైన పని. ప్రసారంలో వెనక్కి తిప్పడం ఉండదు, ఎపిసోడ్‌కి ఒక్కసారే వినిపిస్తుంది, దానివల్ల ఎంత శ్రద్ధగా వింటామో మీరే చూడండి.

ఇక్కడ ఒక పెద్ద చిక్కుముడి ఉంది, తెలియకపోతే జుట్టు పీక్కుంటారు. సినిమా ఫిల్ము మీద సెకనుకు 24 ఫ్రేములతో తీసినదాన్ని పాల్ టీవీ 25తో ఆడిస్తుంది. అంటే నాలుగు శాతం పైచిలుకు వేగం, దానితోపాటు సంగీతం కూడా అరస్వరంలో సుమారు 70 శాతం పైకి ఎగబాకుతుంది. గిటార్ మామూలు శ్రుతిలో ఉంటే ఏ ఫ్రెట్‌లోనూ కలవదు, చెవి పోయిందేమో అనిపిస్తుంది. దీనికి నేను వాడే చిట్కా ఇది: గిటార్ శ్రుతి చూపే ట్యూనర్‌లో ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్ బదులు 433 పెట్టి శ్రుతి చేసి, మొదటి ఫ్రెట్‌కి కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగిస్తాను. అప్పుడు ఎ దాదాపు 458.7కి చేరుతుంది, టీవీలో వచ్చేది 458.3. ఆ మాత్రం తేడా కేపో బిగింపులోనే వచ్చిపోతుంది. వేళ్ళు మామూలు కార్డుల్లోనే (కొన్ని స్వరాల్ని కలిపి పట్టే పట్లలోనే) ఉంటాయి, పాట కలిసిపోతుంది. వీడియో కెమెరాతో నేరుగా 25 ఫ్రేముల్లో తీసినవాటికి ఈ గొడవ లేదు. ఎన్‌టీఎస్‌సీలో కూడా లేదు, అక్కడ కొన్ని ఫ్రేముల్ని రెట్టించి సర్దుతారు. వీడియో క్యాసెట్లు మాత్రం వేరే కథ, మామూలు పాల్ వీహెచ్‌ఎస్‌లో టేపు సెకనుకు 2.34 సెంటీమీటర్లే కదులుతుంది, అంత నిదానంగా కదిలే టేపు కొంచెం సాగినా, మెషీన్ కొంచెం ముసలిదైనా స్వరం ఊగుతుంది, దానితో కలిపి వాయించడం వృథా శ్రమ.

ఎవరూ చెప్పని లాభం ఒకటి చెప్తాను. ఈ టీవీ వెనకున్న ఆడియో ఇన్‌పుట్‌లో మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ (గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే పెట్టె) లైన్ అవుట్ పెట్టి దాన్నే చిన్న స్పీకర్‌లా వాడుకోవచ్చు, వాయించిన క్షణమే వినబడుతుంది. చాలా ఫ్లాట్ టీవీల్లో లోపల ప్రాసెసింగ్ వల్ల శబ్దం ఆలస్యంగా వస్తుంది, పిక్ తగిలిన తర్వాత స్వరం రావడం వాయించేవాళ్ళకి నరకం. గిటార్‌ని నేరుగా గుచ్చితే మాత్రం నీరసంగా, మూసుకుపోయినట్టు వస్తుంది, మధ్యలో పెడల్ ఉండాల్సిందే. బేస్ పెద్దగా ఆశించకండి, వాల్యూమ్ తక్కువలోనే ఉంచండి.

జాగ్రత్తలు తొందరగా చెప్పేస్తాను. గిటార్ యాంప్‌ని టీవీకి ఆనించి పెట్టొద్దు, స్పీకర్ అయస్కాంతం వల్ల తెర మూలల్లో ఆకుపచ్చ, ఊదా మచ్చలు పడతాయి. కొద్దిగా పడితే టీవీని చల్లారనిచ్చి మళ్ళీ ఆన్ చేసినప్పుడు ధబ్‌మని పనిచేసే డీగాస్ కాయిల్ (తెరకి పట్టిన అయస్కాంతత్వాన్ని పోగొట్టేది) సరిచేస్తుంది, ముదిరితే అది చాలదు. వెనక మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దు, కలర్ ట్యూబ్‌లో 20 వేల వోల్టుల పైమాటే, ప్లగ్ తీశాక కూడా ఆ చార్జ్ నిలిచి ఉంటుంది.

మార్కులు అడిగితే ఐదుకి మూడున్నర. ఉన్నది బాగా పనిచేస్తుంటే సాధన గదిలో ఉంచుకోండి, లేనివాళ్ళు ఇందుకోసం వెతికి మరీ తెచ్చుకోవాల్సినంత వస్తువేమీ కాదు, ఒక్కరు మొయ్యలేరు కూడా. సింగిల్ కాయిల్ గిటార్, చిన్న గది, డిస్టార్షన్ పిచ్చి మూడూ ఉన్నవాళ్ళు అసలు వద్దు. చివరికి పాడైపోతే చెత్తలో పడెయ్యకండి, ట్యూబ్ గాజులో సీసం ఉంటుంది, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకే ఇవ్వండి.