మొరం గట్టు మీద తంగేడా, సీతాఫలమా?

మృగశిర దగ్గరపడితే చాలు, మహారాష్ట్ర నాందేడ్ జిల్లాలోని కిన్వట్, ధర్మాబాద్ వైపు మన తెలుగువాళ్లు అడిగేది ఒకటే. చేను చివర నల్లరాయి పైకి తేలిన చోట, పత్తి గానీ సోయా గానీ పట్టని ఆ ముక్కలో, నీళ్లు పోయకుండా కంచె కట్టకుండా బతికేది తంగేడా, సీతాఫలమా అని.

పశువుల గొడవ రెండింటికీ లేదు. చేలు ఖాళీ అయ్యాక మేకల్ని వదిలేస్తారు కదా, అవి ఈ రెండింటి ఆకూ పెద్దగా ముట్టవు. నేను చూసేది మొక్క వేరు ఎటు పోతుందనేదే. మన కాళ్ల కింద ఉన్నది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట పారి గడ్డకట్టిన లావా. పొరలు పొరలుగా ఉంటుంది, ఒక పొర గట్టిది, ఇంకో పొర గాలి బుడగలతో గుల్లది. గుల్ల పొర ముందు చివికి మొరం అవుతుంది, వాన నీళ్లు దిగేది అందులోకి, రాతి పగుళ్లలోకి. పైన మట్టి జానెడు కూడా ఉండదు, అక్టోబర్ ఎండకే ఆరిపోతుంది, అంటే వానలు ఆగేలోపు ఏ మొక్క తల్లివేరు పగులు పట్టుకుంటుందో అదే మే నెల దాటుతుంది. అందుకే నాకు నర్సరీ సంచి మొక్క నచ్చదు. సంచి అడుగున వేరు చుట్టలు తిరిగి ఉంటుంది, నాటినా సూటిగా కిందికి దిగదు. ఏది పెట్టినా గింజే పెట్టండి, అదీ గట్టి బండ మీద కాదు, మొరం కనబడే అంచున.

గింజ విషయంలో రెండూ తేలికే. తంగేడు గింజకు తోలు మందం, వేడి నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వాలి. సీతాఫలం గింజ తాజాగా ఉన్నప్పుడు సరిగా మొలవదు, పోయిన సీజన్‌లో దాచినదైతే మొలుస్తుంది. (పిల్లలను ఆ గింజలతో ఆడనివ్వకండి, పొడి కళ్లలో పడితే చాలా ప్రమాదం.)

సీతాఫలానికి డబ్బుంది, కాదనను. రాళ్ల కొండల్లో పండే బీడ్ జిల్లా సీతాఫలానికి 2016లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కానీ అది ఎండాకాలంలో ఆకు రాల్చేస్తుంది, సరిగ్గా జూన్ మొదటి పెద్ద వానకు గట్టు బోసిగా ఉంటుంది, ఉన్న కాస్త మట్టీ కొట్టుకుపోతుంది. పైగా ఊరికి దూరంగా ఉన్న చేనైతే కాయ కన్ను విచ్చేసరికి మీకు మిగిలేది తక్కువ. తంగేడు మే ఎండలోనూ పచ్చగానే ఉంటుంది. కొట్టేస్తే మళ్లీ చిగురేస్తుంది, ఆ రొట్ట వరి మడిలో తొక్కితే ఎరువు. పూల సంగతి చెప్పేదేముంది, బతుకమ్మ రోజుల్లో పక్క ఊరి ఆడపడుచులంతా మీ గట్టు మీదే ఉంటారు. మరాఠీ వాళ్లు దీన్ని తర్వడ్ అంటారు, బీడు మొక్క కింద లెక్కేసి వదిలేస్తారు, కాబట్టి గింజ కూడా కొననక్కర్లేదు, అడిగితే ఏరుకోమంటారు.

వావిలి మంచిదే, కానీ తేమ కావాలి, వాగు ఒడ్డుంటే కొమ్మ గుచ్చండి. నేపాళం కాయలు విషం, ఇంటి దగ్గర వద్దు. లంటానా కలుపు మొక్క, దాని గురించి అడగనే అడగకండి.

ఇల్లు చేను పక్కనే ఉండి, కాయ కాసే నెలలో కాపలాకి మనిషి ఉంటే సీతాఫలం పెట్టుకోండి. లేదంటే తంగేడే. ఒక్కో గుంతకు నాలుగైదు గింజలు, రెండో మంచి వాన పడ్డాక. మొదటి వానకే తొందరపడితే మొలిచిన మొలక వారం పొడి గాలికి మాడిపోతుంది.