గుల్లబారిన ఎముకలో ఇంప్లాంట్ పళ్లు: మూడేళ్లు నమిలాక నా మాట

ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో నా టీ-స్కోర్ మైనస్ 2.8. మైనస్ 2.5, ఇంకా కిందికి ఉంటే ఎముకలు గుల్లబారినట్టే. అలాంటి ఎముకున్న కింది దవడలో, పోయిన రెండు దంతాల చోట టైటానియం ఇంప్లాంట్లు (ఎముకలోకి దించి, పైన పన్ను క్యాప్ పెట్టే స్క్రూలు) వేయించుకుని మూడేళ్లు దాటింది. జొన్న రొట్టె, వేయించిన చెనక్కాయలు, ఆదివారం మటన్ అన్నీ ఆ పక్కనే నములుతున్నాను. ఇంతవరకు కదల్లేదు.

అనంతపురంలో మొదట వెళ్లిన క్లినిక్‌లో "ఒక్కరోజులో పళ్లు పెట్టేస్తాం" అన్నారు. ఏం మందులు వాడుతున్నానో మాత్రం అడగలేదు. లేచి వచ్చేశాను. తర్వాత చూపించుకున్న డాక్టరమ్మ ముందు విటమిన్ డి పరీక్ష రాశారు. ఎముకలు గుల్లబారడానికి వారానికోసారి వేసుకునే మందు, 70 మిల్లీగ్రాముల అలెండ్రోనేట్ మాత్ర, ఎన్నేళ్లుగా వాడుతున్నానో అడిగారు. ఆ మందు వాడేవాళ్లకు పన్ను పీకినా, ఇంప్లాంట్ వేసినా దవడ ఎముక మానకుండా చచ్చుబడే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ఏళ్లు గడిచేకొద్దీ పెరుగుతుంది. అలాగని మనంతట మనమే మాత్ర ఆపితే తుంటికి, వెన్నుకు ముప్పు.

ఈ ఇంప్లాంట్ స్క్రూ నున్నగా ఉండదు. సన్నని రేణువులతో కొట్టి, యాసిడ్‌తో గరుకు చేస్తారు, కొత్త ఎముక దాన్ని పట్టుకుని పెరగడానికి. రంధ్రం కూడా మామూలుకన్నా కాస్త సన్నగా తొలిచారు. స్క్రూ దిగేటప్పుడు చుట్టూ ఉన్న మెత్తని ఎముక నొక్కుకుని బిగుస్తుందట.

అసలు విసుగు తర్వాత మొదలైంది. గట్టి ఎముకైతే మూడు నెలలకే క్యాప్ పెట్టేవారు, నన్ను ఆరు నెలలు ఆగమన్నారు. మొదటి వారాల్లో ఆ బిగుతు సడలుతుంది, కొత్త ఎముకేమో ఇంకా గట్టిపడి ఉండదు. అప్పుడు బరువు పడితే మనలాంటివాళ్లకు ఊడొచ్చే అవకాశం ఎక్కువ. స్క్రూకి చిన్న పుల్లలాంటిది బిగించి పక్కన మిషన్ పెడితే, కీక్‌మని పట్టు ఎంతుందో నూటికి ఒక అంకె చూపిస్తుంది. వేసిన రోజు 58, క్యాప్ పెట్టేముందు 72. ఆ అంకె చూశాకే నా టెన్షన్ తగ్గింది.

మైనస్‌లు లేకపోలేదు. క్యాప్ కింద ఆకుకూర ఇరుక్కుంటుంది, రాత్రిళ్లు సందుల బ్రష్ తప్పదు. బిల్లుకు చెయ్యి బాగానే కాలింది, నా ఇన్సూరెన్స్‌లో రూపాయి రాలేదు.

పైన వెనకవైపు ఇంకో పన్ను పోయింది. అక్కడి ఎముక మామూలువాళ్లకే మెత్తగా ఉంటుంది. దానికి మాత్రం తీసిపెట్టుకునే పన్నుతోనే నెట్టుకొస్తున్నాను.