హన్మకొండా? ములుగా?

హైదరాబాద్ ఉరుకులు చాలించి నిమ్మళంగా బతుకుదామనుకునేవాళ్లకు మా వైపు రెండు దారులున్నాయి.

హన్మకొండలో అన్నీ అందుబాటులోనే. కాజీపేటలో రైలెక్కితే హైదరాబాద్ రెండు, రెండున్నర గంటలు. పెద్దలకు ఒంట్లో బాగాలేకపోతే పక్కనే వరంగల్‌లో ఎంజీఎం సర్కారు దవాఖాన ఉంది, ప్రైవేటు దవాఖానలున్నాయి. పొద్దున భద్రకాళి చెరువు కట్ట మీద నడిచి, కూరగాయలు తెచ్చుకున్నా ఎనిమిది కాదు. కానీ సాయంత్రమైతే చౌరస్తాలో హారన్ల మోత ఇక్కడా తప్పదు.

ములుగు వేరు. అక్కడికి ఇంకో 50 కిలోమీటర్లు. రామప్ప చెరువు కింద వరి మళ్లు, నాట్ల రోజుల్లో గాలిలో బురద వాసన, తొందరగా సద్దుమణిగే వీధులు. నా మనసు అటే గుంజుతది. అయితే ఊళ్లో రైలు లేదు, పెద్ద వైద్యానికి వరంగల్ రావాల్సిందే. భూమి కొనాలనుకుంటే మరీ జాగ్రత్త: జిల్లాలో చాలా భాగం ఏజెన్సీ, అంటే గిరిజన ప్రాంతం. అక్కడ 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. తెల్లకాగితం మీద రాసిస్తామన్నా ఒప్పుకోవద్దు, అది ఆదివాసుల బతుకు.

పిల్లల చదువులు, అమ్మానాన్నల మందులు ఉన్న ఇంటికి హన్మకొండే అంటాను. ఇంటి నుంచే పని చేసుకునేవాళ్లు ముందు ఒక వానాకాలం ములుగులో కిరాయికి ఉండి చూడండి.