అండ్ జస్టిస్ ఫర్ ఆల్: బేస్ లేని రికార్డుతో ఇన్నేళ్ల కాపురం

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా 1988 రికార్డు 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' మీద నా కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు. కోపం ఒక్కదాని మీదే: బేస్ గిటార్, అంటే పాటకు అడుగు స్వరాలు పలికే గిటార్, వినపడదు. పాటలెన్ని, ఎవరేం వాయించారు, ఏ పాటకు అవార్డు వచ్చింది అనేవి ఈ సంగీతం వినేవాళ్లందరికీ తెలుసు, వాటి జోలికి పోను. ఫోన్లో, హెడ్‌ఫోన్లో, ఎల్పీ (వినైల్ పళ్లెం) మీద, బస్సులో ఏళ్ల తరబడి విన్నాక ఈ రికార్డు ఎక్కడ ముంచుతుందో, ఎక్కడ ఆదుకుంటుందో మాత్రం చెప్తాను.

ముందుగా, లేనిదేంటో సరిగ్గా చూడాలి. కింది శబ్దం మొత్తం లేదనుకుంటే పొరపాటు. కాలితో కొట్టే కిక్ డ్రమ్ ఉంది. గిటార్ తీగల మీద అరచేయి ఆనించి కొట్టే దెబ్బల్లో 100 నుంచి 150 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దగ్గర మస్తు బరువుంది. ఆ రెండింటి నడుమ నడవాల్సిన నాలుగు తీగల వాద్యమే మాయం. మొదటి పాట 'బ్లాకెన్డ్' పెట్టి, గిటార్ల మీంచి ధ్యాస తీసేసి, అడుగున ఏం నడుస్తుందో పట్టుకోవడానికి చూడండి. కిక్ చిక్కుతుంది, అదీ మెత్తటి గుద్దులా ఉండదు, టిక్కు టిక్కుమని గోటితో కొట్టినట్టుంటుంది. బేస్ లైను చిక్కదు. డప్పు మీద సిర్ర దెబ్బ పడకుండా సిటికెన పుల్ల ఒక్కటే ఆడితే తీన్‌మార్ ఎట్లుంటుందో ఈ రికార్డు అట్లుంటుంది. లెక్క తప్పదు, జోరు తగ్గదు, కాలు మాత్రం లేవదు.

దీనికి చాలామంది దగ్గర ఒక సమాధానం రెడీగా ఉంటుంది. బేస్ వాయించిన జేసన్ న్యూస్టెడ్ గిటార్ రిఫ్‌నే (మళ్లీ మళ్లీ వచ్చే వరుసనే) అచ్చుగుద్దినట్టు వాయించాడు, అందుకే అందులో కలిసిపోయిందంటారు. కొంత నిజమే. బేస్ కింది ఇ తీగ 41 హెర్ట్జ్. దాని రెండో హార్మోనిక్ (రెట్టింపు కంపనం) 82, అది గిటార్ కింది ఇ తీగ అసలు స్వరం. రెండూ ఒకే రిఫ్ వాయిస్తే పై భాగమంతా ఒకదాని మీద ఒకటి పడుతుంది, చెవి దాన్ని గిటార్ ఖాతాలోనే వేసుకుంటుంది. మరి బ్లాక్ సబ్బాత్ బ్యాండ్‌లో బేస్ వాయించిన గీజర్ బట్లర్ కూడా చాలాచోట్ల గిటారిస్టు టోనీ అయోమీ రిఫ్ వెంటే నడుస్తాడు కదా! 1970 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ల మొదటి రికార్డు దాదాపు ఒక్కరోజులో చుట్టేసిన పని. అందులో బేస్ ఎక్కడా తప్పిపోదు. బట్లర్ తీగను లాగుతాడు, జారుస్తాడు, ఆయన మధ్య స్వరాలను మిక్స్‌లో (విడివిడి వాద్యాలను కలిపే పనిలో) ఎవరూ కోసెయ్యలేదు. కాబట్టి రిఫ్ వెంట నడవడం నేరం కాదు. తేడా అంతా లెవెల్‌లో ఉంది.

పంక్‌లో ఇదే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. రామోన్స్ బ్యాండ్ 1976 మొదటి రికార్డు నా లెక్కలో ఈ మొత్తం సంగీతంలోనే బేస్‌కు దక్కిన పెద్ద మర్యాద. 6,400 డాలర్లతో చేసిన రికార్డు, నిడివి 29 నిమిషాలు. అందులో బేస్ మొత్తం ఎడమ స్పీకర్లో, గిటార్ మొత్తం కుడి స్పీకర్లో, డ్రమ్స్, గొంతు నడుమ. బ్యాలెన్స్ నాబ్ పూర్తిగా ఎడమకు తిప్పితే గిటార్ పక్కకు తప్పుకుంటుంది, బేస్ వాయించిన డీ డీ రామోన్ పిక్‌తో (తీగ మీటే చిన్న బిళ్లతో) ఏకబిగిన కిందికి కొట్టే దెబ్బలు ఒలిచినట్టు వినపడతాయి. బేస్ నేర్చుకునే పిల్లలకు ఇంతకు మించిన పాఠం లేదు. అక్కడ కూడా బేస్ చాలావరకు గిటార్‌నే అనుసరిస్తుంది. అయినా దాని చోటు దానికిచ్చారు.

జస్టిస్‌లో ఆ చోటు ఎట్లా పోయింది? బ్యాండ్‌లో అంతకుముందు బేస్ వాయించిన క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబర్ 27న స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో చనిపోయాక, కొత్తగా వచ్చిన న్యూస్టెడ్‌తో చేసిన మొదటి పూర్తి ఆల్బమ్ ఇది. మిక్స్ చేసిన ఇద్దరిలో ఒకరైన స్టీవ్ థాంప్సన్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన ప్రకారం, బేస్‌ను వినీ వినపడనంతగా దించమని డ్రమ్మర్ లార్స్ ఉల్‌రిచ్ అడిగాడు, దించాక ఇంకో 5, 6 డెసిబెళ్లు దించమన్నాడు. 6 డెసిబెళ్లంటే సిగ్నల్ సగమవుతుంది. ముందే తగ్గించినదాన్ని మళ్లీ సగం చేస్తే మిగిలేదేముంది? నాకు మంట పుట్టించేది ఏంటంటే ఆ వాయించింది మాత్రం బాగుండటం. 2009లో వచ్చిన గిటార్ హీరో మెటాలికా వీడియో గేమ్‌లో ఇందులోని కొన్ని పాటల వాద్యాలు విడివిడి ట్రాకులుగా ఉన్నాయి. అభిమానులు వాటిలోంచి బేస్ బయటికి తీసి వినిపించారు. గట్టి పిక్ దెబ్బ, గరుకు స్వరం, ఎక్కడా తడబాటు లేదు. వండిన కూర గిన్నెలోనే ఉంది, విస్తట్లోకి రాలేదు. 2018 రీమాస్టర్‌లోనైనా సరిచేస్తారని ఆశపడ్డవాళ్లు చాలామందే. మాస్టరింగ్ అంటే కలిపేసిన మిక్స్‌కు మెరుగు పెట్టడమే, విడి ట్రాకులను మళ్లీ కలపడం కాదు. మిక్స్‌ను ముట్టుకోలేదు, బేస్ రాలేదు.

ఇక ఈక్వలైజర్, అంటే స్వరాల హెచ్చుతగ్గులు సర్దే మీటల సంగతి. ఫోన్లో ఉండే బేస్ బూస్ట్ మీట నొక్కితే పని చెడుతుంది. అది కింది భాగాన్నంతా ఒక్కసారిగా లేపుతుంది, లేచేది కిక్, అరచేతి గిటార్ దెబ్బలు. 'వన్' రెండో సగంలో డబుల్ కిక్ మెషిన్‌గన్‌లా పేలే చోట అంతా బురదవుతుంది. ఎక్కడ, ఎంత వెడల్పున మార్చాలో ఎంచుకోనిచ్చే పారామెట్రిక్ ఈక్వలైజర్ ఉన్న ప్లేయర్ అయితే నాకు కుదిరిన లెక్క ఇది. ముందు ప్రీయాంప్ (మొత్తం లెవెల్) 4 డెసిబెళ్లు దించాలి, లేకపోతే పెంచిన చోట సిగ్నల్ కోసుకుపోయి చిటపట వస్తుంది. 4 కిలోహెర్ట్జ్ దగ్గర క్యూ (ఆ వెడల్పు కొలత, అంకె పెరిగితే సన్నబడుతుంది) 1.5తో 3 డెసిబెళ్లు తగ్గిస్తే కిక్ టిక్కుటిక్కు సద్దుమణుగుతుంది. 500 హెర్ట్జ్ దగ్గర క్యూ 0.8తో 2 పెంచితే మధ్య స్వరాలు తీసేసి గుల్ల చేసిన గిటార్లకు ఒళ్లొస్తుంది. చివరగా 90 దగ్గర క్యూ 1తో 3, అంతకు మించొద్దు. ఈ మార్పుతో రికార్డు వినసొంపుగా అవుతుంది. బేస్ లైను మాత్రం రాదు, లేనిదాన్ని ఏ ఈక్వలైజరూ పుట్టించలేదు.

ఇంతవరకు చెప్పిందంతా హెడ్‌ఫోన్ మాట. స్పీకర్ల మీదికి వచ్చేసరికి కథ మారుతుంది, ఈ రికార్డు ఆశ్చర్యపరిచింది అక్కడే.

నల్లగొండలో మామూలు ఇళ్లల్లో గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, పైన 10 అడుగుల ఎత్తున స్లాబు. సిమెంటు గోడలు, బండల నేల, శబ్దం పీల్చుకునేది ఏదీ ఉండదు. అలాంటి గదికి తనకంటూ కొన్ని స్వరాలుంటాయి, అవి పడితే గది తానూ మోగుతుంది. లెక్క తేలికే: గాలిలో శబ్దవేగాన్ని గది కొలతకు రెట్టింపుతో భాగించాలి. మన వేడికి వేగం సెకనుకు 350 మీటర్లనుకుంటే, 12 అడుగులకు 48 హెర్ట్జ్, 10 అడుగులకు 57. వెడల్పు, ఎత్తు రెండూ పదే కాబట్టి 57 దగ్గర రెండు మోతలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఇప్పుడు బేస్ స్వరాలు చూడండి. కింది జి 49, ఖాళీ ఎ తీగ 55, ఎ షార్ప్ 58. సరిగ్గా ఆ మోతల దగ్గరే పడతాయి. ఆ నోట్లు వచ్చినప్పుడు గది బొయ్యిమంటుంది, పక్కన 41 దగ్గరి ఇ నోటు మామూలుగానే ఉంటుంది. వాయించినవాడు సమంగా వాయించినా వినేవాడికి ఎగుడుదిగుడుగా అందుతుంది. గది నట్టనడుమ కూర్చుంటే ఈ స్వరాలు దాదాపు చచ్చిపోతాయి, గోడకు ఆనుకుంటే చెవుల్లో గుయ్యిమంటాయి.

అలాంటి గదిలో సబ్బాత్ మొదటి రికార్డు పెడితే బేస్ వరదలా పారి గిటార్‌ను ముంచేస్తుంది. 1991లో బాబ్ రాక్ ప్రొడ్యూస్ చేసిన మెటాలికా నల్ల ఆల్బమ్‌లో న్యూస్టెడ్‌కు న్యాయం జరిగింది, 'సాడ్ బట్ ట్రూ'లో తీగలను ఒక స్వరం కిందికి దించి వాయించిన బరువు ఉంది. మన స్లాబు గదిలో ఆ బరువే శత్రువు. జస్టిస్ పెడితే? ప్రతి రిఫ్ గీసినట్టు, ప్రతి దెబ్బ విడిగా, గిటారిస్టు హెట్‌ఫీల్డ్ కుడిచేతి పని అక్షరమక్షరం వినపడుతుంది. గదిని కదిలించే సరుకు రికార్డులో తక్కువ కాబట్టి గది నోరెత్తదు. హెడ్‌ఫోన్లో ఎండిన కట్టెలా అనిపించిన అదే మిక్స్ ఇక్కడ పనికొచ్చింది. మనస్ఫూర్తిగా ఒప్పుకోవాల్సిన గుణం ఇది.

బస్సులోనూ అంతే. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ పోయే దారిలో ఇంజిన్ మోత ఏ స్వరంలో ఉంటుందో కూడా లెక్కేయొచ్చు. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ ఒక చుట్టుకు మూడుసార్లు మండుతుంది. నిమిషానికి 2,000 చుట్లయితే సెకనుకు 100 మంటలు, అంటే 100 హెర్ట్జ్. 1,500 అయితే 75. బేస్ గిటార్ కాపురం చేసేది సరిగ్గా ఆ వీధిలోనే. మామూలు ఇయర్‌ఫోన్లలో ఏ రికార్డు బేస్ అయినా ఆ మోత కింద మునుగుతుంది. జస్టిస్‌కు పోయేదేం లేదు, వీధిలోకే రాలేదు కాబట్టి. వాల్యూమ్ పెంచకుండా పాట మొత్తం అందే మెటల్ రికార్డులు తక్కువ, ఇదొకటి.

ఈ లెక్కన పైన రామోన్స్ గురించి చెప్పినదాన్ని కొద్దిగా తగ్గించుకోవాలి. ఒకే స్పీకరున్న చిన్న బ్లూటూత్ డబ్బాలో ఎడమ, కుడి కలిసిపోతాయి. అలా కలిపినప్పుడు నడుమ ఉన్న డ్రమ్స్, గొంతు ఎక్కడివక్కడ నిలుస్తాయి, పక్కలకు తోసిన బేస్, గిటార్ 6 డెసిబెళ్లు వెనక్కి పోతాయి. ఎడమ పక్కన అంత గొప్పగా నిలబడ్డ బేస్ చిన్నబోతుంది. ఒక ఇయర్‌ఫోన్ మీరు, ఒకటి దోస్తు పెట్టుకుంటే ఒకరికి బేస్ రికార్డు, ఇంకొకరికి గిటార్ రికార్డు. డబ్బాలో వినేవాళ్లు 2016లో వచ్చిన నలభై ఏళ్ల ఎడిషన్‌లోని మోనో మిక్స్ (ఎడమ, కుడి తేడా లేనిది) వెతుక్కోవాలి, ఈ చిక్కు దానికి లేదు.

ఎల్పీ గురించి రెండు ముక్కలు. 65 నిమిషాల ఆల్బమ్‌ను రెండు ప్లేట్ల నాలుగు వైపులకు పంచారు. మూడు వైపులు సుమారు 14 నుంచి 16 నిమిషాలు, 'హార్వెస్టర్ ఆఫ్ సారో' ఉన్న మూడో వైపు 20 దాకా పోతుంది. కింది స్వరాలకు గాడి పక్కలకు ఎక్కువ ఊగాలి, చోటు ఎక్కువ తింటుంది. బేస్ తక్కువున్న ఈ రికార్డుకు ఆ బాధ లేదు, గాడి విశాలంగా కోసుకోవచ్చు. నేను విన్నవాటిలో గిటార్లు అన్నిటికంటే తేటగా ఉన్నది ఎల్పీలోనే.

కానీ మన ఎండకు వినైల్ పెద్ద గండం. సజ్జ మీద, స్లాబుకు దగ్గరగా పెట్టొద్దు, సాయంత్రం ఎండ పోయాక కూడా స్లాబు సెగ దిగుతూనే ఉంటుంది. పడుకోబెట్టి దొంతర పేర్చొద్దు, నిటారుగా, వాలకుండా నిలబెట్టాలి. మే నెలలో పార్క్ చేసిన కారులో వదిలితే పళ్లెం అలలు తిరుగుతుంది, మళ్లీ సరికాదు. కడిగేటప్పుడు బోరు నీళ్లు అస్సలు వద్దు. మన నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతో అందరికీ తెలుసు, దానికి తోడు ఉప్పదనం. ఆరాక గాడిలో తెల్లటి పొర మిగిలి, సూది దాని మీద చిటచిటలాడుతుంది. క్యాన్ నీళ్లలోనూ ఎంతో కొంత లవణం ఉంటుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఏ బ్యాటరీ షాపులోనైనా దొరుకుతుంది. లీటరుకు రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తటి గుడ్డతో గాడి వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో కడగాలి. నడుమ కాగితం లేబుల్ తడవకూడదు. ఫ్యాన్ కింద పెడితే దుమ్ము వాలుతుంది, ఫ్యాన్ ఆపి నీడన ఆరనివ్వాలి.

కొనొచ్చా అంటే, నా పరిస్థితిలో కొనొచ్చు. నాది చిన్న స్లాబు గది, ప్రయాణాలు బస్సులో, ఇరుగుపొరుగు గోడకు గోడ ఆనుకుని ఉన్నారు. బేస్ బాక్సులు అదిరిస్తే పక్కింట్లో చంటిపిల్లలు లేస్తారు, ఈ రికార్డుతో ఆ తగవు రాదు. పెద్ద హాలు, పరుపులు, పుస్తకాల బీరువాలు, మంచి స్పీకర్లు ఉన్నవాళ్లకు మాత్రం ఈ లోటు మొదటి పాటలోనే పట్టుబడుతుంది, వాళ్లు 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' దగ్గరే ఉండటం మేలు, 'ఒరాయన్'లో బర్టన్ వాయించింది వింటే నేను దేని గురించి ఇంత బాధపడుతున్నానో అర్థమవుతుంది. బేస్ వాయించేవాళ్లయితే అభిమానులు బేస్ కలిపి చేసిన మిక్సులు ముందు వినండి. వాటిలో శబ్దం అంత శుభ్రంగా ఉండదు, అయినా 'డయర్స్ ఈవ్'లో న్యూస్టెడ్ పిక్ చేయి ఎంత వేగంగా ఆడిందో తెలిసేది వాటిలోనే.