పార్కింగ్ మోడ్ డ్యాష్‌క్యామ్ రివ్యూ: గుద్దినవాడి నంబర్ దొరికాక ఏం చేయాలి?

పార్క్ చేసి వెళ్లిన కారుకి ఎవరో సొట్ట పెట్టి చెప్పాపెట్టకుండా వెళ్లిపోతే కడుపు ఎలా మండుతుందో అనుభవించినవాళ్లకి తెలుసు. వాళ్ల కోసమే ఈ రివ్యూ. నేను వాడుతున్నది ముందొకటి, వెనకొకటి కెమెరా ఉండి, ఇంజిన్ ఆపేశాక కూడా కాపలా కాసే డ్యాష్‌క్యామ్. బ్రాండ్ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఈ తరగతి కెమెరాలన్నీ దాదాపు ఒకేలా పనిచేస్తాయి. తేడా అంతా వైరింగ్‌లోనూ, మనం పెట్టుకునే సెట్టింగుల్లోనూ, చివరికి అది పట్టిచ్చిన వీడియోతో మనం చేసే పనిలోనూ ఉంటుంది. నేను చదివిన రివ్యూల్లో ఈ చివరి విషయం ఎక్కడా కనిపించలేదు, అసలు సమస్య మొదలయ్యేది మాత్రం అక్కడే.

ముందు వైరింగ్ సంగతి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టుకుంటే చాలా బళ్లలో ఇంజిన్ ఆపగానే కెమెరా కూడా ఆగిపోతుంది, అప్పుడు పార్కింగ్ మోడ్ పేరుకే మిగులుతుంది. కాబట్టి కెమెరాని నేరుగా కారు ఫ్యూజ్ బాక్స్‌కి కలిపే హార్డ్‌వైర్ కిట్ తప్పనిసరి. అందులో మూడు వైర్లు ఉంటాయి: ఒకటి ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజ్‌కి, ఒకటి తాళం తిప్పితేనే కరెంటు వచ్చే ఫ్యూజ్‌కి, మూడోది ఎర్త్‌కి. రెండో వైర్‌ని బట్టే బండి నడుస్తోందో ఆగి ఉందో కెమెరాకి తెలుస్తుంది. ఫ్యూజ్ బాక్స్ గురించి తెలియకపోతే కారు ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజ్ జోలికి మాత్రం ఎవర్నీ వెళ్లనివ్వకండి.

అందరూ భయపడేది బ్యాటరీ దిగిపోతుందేమోనని, ఆ భయం నిజమే. మామూలు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 12.6 దగ్గర చూపిస్తుంది, 12.2కి వచ్చిందంటే దాదాపు సగం అయిపోయినట్టే. కిట్‌లో కటాఫ్ వోల్టేజ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, బ్యాటరీ అక్కడిదాకా దిగగానే కెమెరా తనంతట తాను ఆగిపోతుంది. ఎక్కువసేపు రికార్డ్ అవుతుంది కదా అని దాన్ని 11.8కి దించుకునేవాళ్లు ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, మరుసటి రోజు బండి స్టార్ట్ కాకపోవడం ఒక్కటే కాదు, ఇలా పదే పదే ఖాళీ అయ్యే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు కూడా తగ్గిపోతుంది. 12.2 కంటే కిందికి నేనైతే వెళ్లను, బ్యాటరీ పాతదైతే 12.4 పెట్టుకోవడం మంచిది.

కొనేటప్పుడు లోపల బ్యాటరీకి బదులు సూపర్ కెపాసిటర్ (కొద్దిగా కరెంటు దాచుకునే భాగం) ఉన్నదే తీసుకోండి. ఎండలో మూసి ఉన్న కారు అద్దం వెనక వేడికి లిథియం బ్యాటరీ ఉన్న కెమెరాలు ఉబ్బిపోయే ప్రమాదం ఉంది, కెపాసిటర్ ఆ వేడిని చాలా మెరుగ్గా తట్టుకుంటుంది. మెమరీ కార్డు కూడా హై ఎండ్యూరెన్స్ అని రాసి ఉన్నదే వేయాలి. రోజంతా రాస్తూ చెరుపుతూ ఉండే పనికి మామూలు కార్డు తొందరగా పాడవుతుంది, పైగా అది పాడైందని మనకి తెలిసేది సరిగ్గా వీడియో కావలసిన రోజునే.

ఇక మోడ్‌లు. దెబ్బ తగిలితేనే నిద్ర లేచి రికార్డ్ చేసే మోడ్ కరెంటు తక్కువ తింటుంది, కానీ అది కళ్లు తెరిచేసరికి గుద్దినవాడు సగం దూరం పోయి ఉంటాడు. టైమ్‌లాప్స్ మోడ్ మొత్తం చూపిస్తుంది కానీ సెకనుకి ఒకటో రెండో బొమ్మలు మాత్రమే తీస్తుంది, నంబర్ ప్లేట్ ఉన్న ఆ క్షణం దొరుకుతుందో లేదో అదృష్టం. నాకు నచ్చింది బఫర్ మోడ్. కెమెరా ఎప్పుడూ కొన్ని సెకన్ల వీడియోని తన దగ్గర ఉంచుకుంటుంది, కుదుపు తెలియగానే దాన్ని కలిపి సేవ్ చేస్తుంది కాబట్టి దెబ్బకి ముందు జరిగింది కూడా చూడొచ్చు. ఎవడు ఎటునుంచి వచ్చాడు, నెమ్మదిగా వచ్చాడా దురుసుగా వచ్చాడా అన్నది తెలిసేది ఆ ముందు సెకన్లలోనే. కుదుపుని పసిగట్టే జీ సెన్సర్‌ని మరీ హైలో పెడితే పక్కనుంచి లారీ వెళ్లినా సేవ్ చేసి కార్డు నింపేస్తుంది, లోలో పెడితే పక్క కారు డోర్ తగిలినా పట్టించుకోదు. మీడియంతో మొదలుపెట్టి మీరు పార్క్ చేసే చోటుని బట్టి సరిచేసుకోండి.

లోపాలు దాచను. ముందు వెనక కెమెరాలకి మన కారు పక్క డోర్లు దాదాపు కనిపించవు, పార్కింగ్‌లో వాటికి కూడా తరచూ దెబ్బలు తగులుతాయి. పక్క కారులోంచి దిగేవాళ్లు డోర్ విసురుగా తీసి కొట్టినా వీడియోలో మనకి మిగిలేది చిన్న కుదుపు, ఒక చప్పుడు, అంతే. టెస్లా 2019లో తెచ్చిన సెంట్రీ మోడ్‌లాంటివి బండి చుట్టూ ఉన్న కెమెరాలనే వాడుకుంటాయి కాబట్టి పక్కలు కూడా కనిపిస్తాయి, బయట కొని పెట్టుకునే రెండు కెమెరాల సెట్‌కి ఆ సౌకర్యం లేదు. రెండో లోపం చీకటి. 4కే అని డబ్బా మీద రాసినంత మాత్రాన రాత్రిపూట నంబర్ ప్లేట్ చదవగలమని కాదు, హెడ్‌లైట్ వెలుగుకి ప్లేట్ తెల్లగా వెలిగిపోతుంది. తక్కువ వెలుతురులోనూ బాగా చూసే సోనీ స్టార్‌విస్ తరహా సెన్సర్, మరీ వెలుగు మరీ చీకటి ఉన్న భాగాలని సర్దే హెచ్‌డీఆర్ ఉన్న మోడల్ అయితే కొంత నయం. వాటిక్కూడా కదులుతున్న బండి నంబర్ రాత్రిపూట దొరుకుతుందన్న హామీ లేదు.

మరి నా విషయంలో పనిచేసిందా అంటే, చేసింది. పట్టపగలు, ఎదురుగా నిలిపి ఉన్న కారు రివర్స్ చేస్తూ వచ్చి నా ముందు బంపర్‌కి తగిలింది. బొమ్మ ఒక్కసారి ఊగింది. డ్రైవర్ దిగి వంగి చూశాడు, బొటనవేలు నాలుకకి తడిచేసుకుని నా బంపర్ మీద మరకని రెండుసార్లు రుద్దాడు, పోలేదు. నడుం ఎత్తి అటూ ఇటూ చూశాడు, ఎవరూ లేరు. ఎక్కి వెళ్లిపోయాడు. నంబర్ స్పష్టంగా ఉంది, మొహం కూడా.

నిజం చెప్పాలంటే దెబ్బ కంటే ఆ అటూ ఇటూ చూడటమే నన్ను ఎక్కువ మండించింది. తగలడం పొరపాటే, ఎవరికైనా జరుగుతుంది, కానీ ఎవరూ లేరని నిర్ధారించుకుని వెళ్లిపోవడం తెలిసి చేసిన పని. వీడియో చూసిన మా బావమరిది అయితే అస్సలు ఆగలేదు. "ఇంకేం చూస్తున్నావ్ బావా, నంబర్ దొరికిందిగా. ఆ బండి ఎక్కడుందో కనుక్కుని తాళంచెవితో ఒక గీత లాగొద్దాం, లెక్క సరిపోతుంది" అన్నాడు. పరాచికానికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు, నా మీద ప్రేమతోనే అన్నాడు.

లెక్క సరిపోదు. ఎందుకో కారు పెయింట్ తీరు తెలిస్తే అర్థమవుతుంది. రేకు మీద తుప్పు పట్టకుండా ఒక పూత, దానిపైన ప్రైమర్, దానిపైన రంగు, అన్నిటికీ పైన క్లియర్ కోట్ అనే రంగులేని పూత. ఇవన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల మందం, అంటే ఒకటి రెండు తలవెంట్రుకలంత. పార్కింగ్‌లో మెల్లగా తగిలే దెబ్బ చాలాసార్లు పై పూతతో ఆగుతుంది, పాలిష్‌తో పోతుంది. డోర్‌కి చిన్న సొట్ట పడి రంగు చిట్లకపోతే వెనకనుంచి రాడ్‌తో మెల్లగా నెట్టి పెయింట్ వేయకుండానే సరిచేస్తారు. తాళంచెవితో కసిగా లాగిన గీత అలా కాదు, రంగు దాటి ప్రైమర్ దాకా, ఒక్కోసారి రేకు దాకా దిగుతుంది. రెండు డోర్ల మీదుగా లాగితే రెండింటికీ రంగు వేయాలి, షేడ్ కలవడానికి పక్క భాగాలకి కూడా కొంచెం పట్టించాలి. వాడు చేసిన నష్టానికి ఇది ఎన్నో రెట్లు. నిర్లక్ష్యానికి కసితో బదులిస్తే తూకం ఎప్పుడూ మనవైపే తప్పుగా పడుతుంది.

టైరు గాలి తీసేయడం చిన్న శిక్షే కదా అనేవాళ్లూ ఉన్నారు. దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది. గాలి తగ్గిందని గమనించకుండా ఆ బండి వేగంగా వెళ్తే టైరు వేడెక్కి పగిలిపోవచ్చు. వెనక సీట్లో చిన్నపిల్ల ఉండొచ్చు. బంపర్ మీద గీతకి అంత ప్రమాదం బదులా?

అసలు ఆ బండి వాడిదేనని మనకేం తెలుసు? నేను వీడియోని నా ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చాను, వాళ్లు నంబర్ పట్టుకుని యజమానిని కనుక్కున్నారు. ఒక పెద్దావిడ. ఆ రోజు బండి నడిపింది ఆవిడ మేనల్లుడు, అవసరానికి అడిగి తీసుకెళ్లాడట. ఆవిడే నాకు ఫోన్ చేశారు. "మాకు ఒక్క ముక్క చెప్పలేదు బాబూ, చెప్పి ఉంటే ఆ రోజే మీ దగ్గరికి వచ్చేవాళ్లం" అన్నారు. మా బావమరిది చెప్పిన గీత పడి ఉంటే ఆవిడ డోర్ల మీద పడేది. తర్వాత క్లెయిమ్ ఆవిడ ఇన్సూరెన్స్ మీదే వెళ్లింది, బంపర్ విప్పితే లోపల ఒక బ్రాకెట్ విరిగి ఉంది. ప్లాస్టిక్ బంపర్లతో ఇదే ఇబ్బంది, దెబ్బ తగిలి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తాయి, పైకి గీతే కనిపిస్తుంది కానీ లోపల క్లిప్పులో సెన్సర్ బిగింపో పోయి ఉండొచ్చు. కాబట్టి గీతే కదా అని వదిలేయకుండా విప్పి చూపించుకోండి.

చాలా దేశాల చట్టాల్లో కూడా ఈ తేడా ఉంది. పార్కింగ్‌లో చూసుకోక తగిలించడం సాధారణంగా పరిహారంతో, ఇన్సూరెన్స్‌తో తేలే వ్యవహారం. చెప్పకుండా పారిపోతే చాలాచోట్ల అది వేరే నేరం. కావాలని ఇంకొకరి బండి పాడుచేయడం మాత్రం నేరుగా నేరమే. అంటే ఒక్క గీతతో బాధితుడి స్థానం పోగొట్టుకుని నిందితుడి స్థానంలో కూర్చుంటాం. ఈ రోజుల్లో అవతలి బండిలోనూ కెమెరా ఉండొచ్చని మరిచిపోకండి.

వీడియోని మొహంతో, నంబర్‌తో సహా నలుగురికీ పంచడం కూడా నా దృష్టిలో ప్రతీకారమే. పైకి న్యాయంలా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. ఆ పెద్దావిడ బండి నంబర్ అలా తిరిగి ఉంటే తిట్లన్నీ ఆవిడకే పడేవి. చట్టపరమైన చిక్కులు కూడా ఉన్నాయి. జర్మనీలో 2018లో అక్కడి ఫెడరల్ కోర్ట్ ఆఫ్ జస్టిస్, కారణం లేకుండా నిరంతరం రికార్డ్ చేయడం డేటా రక్షణ నిబంధనలకి విరుద్ధమంటూనే, ప్రమాదం కేసులో ఆ వీడియోని సాక్ష్యంగా వాడొచ్చని చెప్పింది. మీరుండే చోట నియమాలేమిటో కొనేముందే కనుక్కోండి.

అందరికీ నాలాగా తేలుతుందని చెప్పను. నంబర్ కనిపించకపోవచ్చు, ఇన్సూరెన్స్‌లో మన చేతినుంచి పెట్టుకోవాల్సిన మొత్తమే రిపేర్ కంటే ఎక్కువ కావొచ్చు, అవతలివాడు వీడియో చూపించినా మొండికేయొచ్చు. అప్పుడు నష్టం మన నెత్తిన పడుతుంది, అది అన్యాయం, ఆ కోపానికి పూర్తి హక్కు మనకుంది. ఫిర్యాదు పెట్టండి, నోటీసు పంపండి, చిన్న మొత్తాల కోర్టు ఉంటే వెళ్లండి, వదిలిపెట్టకండి. కానీ చీకట్లో వెళ్లి వాడి బండి మీద చెయ్యి వేసే హక్కు అప్పటికీ మనకి రాదు. వాడు అటూ ఇటూ చూసి ఎవరూ లేరనుకుని చేసిన పనే మనమూ చేసినట్టవుతుంది.

దెబ్బ కనిపించగానే ముందు కెమెరాలో ఆ క్లిప్‌ని లాక్ చేసి ఫోన్‌లోకి దించుకోండి, లేకపోతే కార్డు నిండాక పాత వీడియోలు చెరిగిపోతాయి. అవతలి బండి రంగు మీ బండికి అంటుకుని ఉంటే తుడవకండి, అదే సాక్ష్యం. కొలత టేపు పెట్టి నేలనుంచి గీత ఎంత ఎత్తులో ఉందో కనిపించేలా ఫోటో తీయండి, ఏ బంపర్ తగిలిందో తేల్చడానికి పనికొస్తుంది.

కొనాలా అంటే, ఇంటి గ్యారేజీలో తప్ప ఎక్కడా పార్క్ చేయనివాళ్లకి అక్కర్లేదు. రోడ్డు పక్కనో, అందరూ తిరిగే పార్కింగ్‌లోనో బండి పెట్టే ప్రతివాళ్లకీ కొనమనే చెప్తాను. అయిదుకి నాలుగు మార్కులు. తగ్గించిన మార్కు పక్క డోర్లు కనిపించనందుకు.